ఆఫీసు కంప్యూటర్‌లో ఏ ప్రోగ్రామ్ నడవాలి? వైట్‌లిస్టింగ్ ఎక్కడ నిలబడుతుంది, ఎక్కడ తడబడుతుంది

క్లుప్తంగా: ముందే ఆమోదించిన ప్రోగ్రామ్‌లు తప్ప వేరేవి కంప్యూటర్‌లో తెరుచుకోకుండా చేసే పద్ధతిని వైట్‌లిస్టింగ్ అంటున్నారు. ఏటీఎం లాంటి ఒకే పని చేసే యంత్రాల్లో ఇది చక్కగా కుదురుతుంది. రోజుకో అవసరం వచ్చే ఆఫీసు కంప్యూటర్లలో మాత్రం ఇబ్బంది పెడుతుంది. ఆ జాబితాను ఎవరు చూసుకుంటారు, ఎంత త్వరగా సరిచేస్తారు అన్నదాని మీదే దీని ఫలితం ఎక్కువగా ఆధారపడి ఉంది.

"ఈ యాప్‌ను మీ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ బ్లాక్ చేశారు" అనే సందేశం బ్యాంకుల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో, ఐటీ కంపెనీల్లో పనిచేసేవాళ్లకు ఇప్పుడు బాగా అలవాటైపోయింది. నిన్నటిదాకా నడిచిన చిన్న పీడీఎఫ్ టూల్ ఇవాళ తెరుచుకోదు. యాంటీవైరస్‌తో స్కాన్ చేస్తే అందులో ఏ వైరస్సూ కనపడదు. అయినా ఐటీ విభాగం ఒప్పుకోదు. మంచి సాఫ్ట్‌వేర్‌ను కూడా ఎందుకు ఆపుతున్నారన్న ప్రశ్న ఇక్కడే పుడుతోంది.

దానికి జవాబు హైదరాబాద్‌లోనే దొరుకుతుంది. 2022 జనవరిలో ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు వ్యవస్థలోకి చొరబడిన నేరగాళ్లు సుమారు 12 కోట్ల రూపాయలు మళ్లించారు. బ్యాంకు ఉద్యోగులకు నకిలీ మెయిళ్లు పంపి, వాటి ద్వారా రిమోట్ యాక్సెస్ ట్రోజన్‌ను (మామూలు ఫైలులా వచ్చి, దూరం నుంచి కంప్యూటర్‌ను దొంగ చేతికి ఇచ్చే ప్రోగ్రామ్) కంప్యూటర్లలోకి దించారని పోలీసు దర్యాప్తులో తేలింది. అంటే బ్యాంకు పనితో ఏ సంబంధమూ లేని ఒక ప్రోగ్రామ్ బ్యాంకు కంప్యూటర్‌లో నడిచింది. దాన్ని నడవనిచ్చిన ఆ ఒక్క క్షణం దగ్గరే వైట్‌లిస్టింగ్ అడ్డుపడుతుంది. సైబర్ భద్రత నిబంధనలు పాటించనందుకు రిజర్వు బ్యాంకు 2023లో ఈ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా వేసింది.

యాంటీవైరస్‌కు దీనికి తేడా

యాంటీవైరస్ దగ్గర చెడ్డవాటి జాబితా ఉంటుంది. అందులో లేని ప్రతిదాన్నీ, అనుమానం కలిగించే లక్షణాలు కనపడితే తప్ప, నడవనిస్తుంది. ఈ పద్ధతికి అతి పెద్ద అడ్డంకి సంఖ్యే. హానికర ప్రోగ్రామ్‌లు, అవాంఛిత యాప్‌లు కలిపి రోజుకు నాలుగున్నర లక్షలకు పైగా కొత్తవి నమోదవుతున్నాయని జర్మనీకి చెందిన ఏవీ-టెస్ట్ సంస్థ చెబుతోంది. వాటిలో చాలావరకు పాతవాటినే కాస్త మార్చి తయారుచేసినవి. మార్చడం దాడి చేసేవాడికి నిమిషాల పని. ఆ కొత్త రూపాన్ని గుర్తించి జాబితాలో చేర్చేలోగా కొన్ని గంటలైనా గడుస్తాయి, మొదటి బాధితులు ఆ వ్యవధిలోనే దొరికిపోతారు.

వైట్‌లిస్టింగ్ లెక్కను తిరగేస్తుంది. ఒక బ్యాంకు శాఖలో రోజూ వాడే ప్రోగ్రామ్‌లు ఎన్నని చూస్తే, ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చేవి పోను, కొద్ది పదులకు మించవు. లక్షల చెడ్డవాటిని వెంటాడడం కంటే ఆ కొద్దిపాటి మంచివాటిని రాసిపెట్టుకుని మిగతావన్నీ ఆపేయడం తేలిక. తెలియనిది ఏదైనా సరే, అది చెడ్డదని ఎవరూ నిరూపించకుండానే ఆగిపోతుంది. ఐఫోన్ వాడేవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. 2008లో యాప్ స్టోర్ వచ్చినప్పటి నుంచి ఆ ఫోన్లు ఆమోదం పొందిన యాప్‌లనే నడిపిస్తున్నాయి. మొదటి నుంచీ ఎవరు ఏది వేసుకున్నా నడిచేలా పెరిగిన విండోస్ ప్రపంచంలోకి ఆ క్రమశిక్షణను తేవడమే కష్టమవుతోంది.

జాబితాలో ఏం రాస్తారు?

ఒక ప్రోగ్రామ్‌ను గుర్తించడానికి ముఖ్యంగా మూడు మార్గాలున్నాయి. మూడింటికీ మూడు రకాల బలహీనతలున్నాయి. అసలు విషయమంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త వివరంగా చూడాలి.

మొదటిది ఫైలు ఉన్న చోటు. "ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ నడవొచ్చు" అని ఒక్క నియమం రాస్తే చాలా పని అయిపోతుంది. ఆ ఫోల్డర్‌లో ఫైలు పెట్టాలంటే అడ్మిన్ రైట్స్, అంటే కంప్యూటర్‌లో మార్పులు చేయగలిగే పూర్తి హక్కులు, కావాలి కాబట్టి మామూలు ఉద్యోగి, అతని పేరుతో నడిచే ట్రోజన్, అక్కడ ఏమీ రాయలేరు. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, పెన్‌డ్రైవ్‌లలో రాయగలరు గానీ అక్కడి నుంచి నడపలేరు. ఉద్యోగి రాయగలిగిన చోటు నుంచి ఏదీ నడవకూడదు, నడిచే చోట ఉద్యోగి ఏమీ రాయలేకూడదు. ఈ ఒక్క సూత్రం సరిగ్గా అమలైతే మెయిల్‌లో వచ్చే ట్రోజన్లలో చాలావాటికి దారి మూసుకుపోతుంది. చిక్కు ఎక్కడంటే, విండోస్ ఫోల్డర్ లోపలే టెంప్, టాస్క్స్ లాంటి కొన్ని ఉప ఫోల్డర్లలో మామూలు వినియోగదారుడు కూడా ఫైలు పెట్టగలడు. "విండోస్ ఫోల్డర్ మొత్తానికీ అనుమతి" అని రాసేసి వాటిని మినహాయించడం మర్చిపోతే గోడ కట్టి కిటికీ తెరిచి ఉంచినట్టే.

రెండోది హ్యాష్. ఫైలులోని ప్రతి బిట్‌నూ లెక్కలోకి తీసుకుని తీసిన ఒక పొడవాటి సంఖ్య ఇది, వేలిముద్ర లాంటిది. ఒక్క బిట్ మారినా హ్యాష్ మారిపోతుంది. పేరు మార్చి మోసం చేయడం, వేరే ఫోల్డర్‌లో పెట్టి తప్పించుకోవడం కుదరవు. ఇంత కచ్చితంగా ఉండడమే దీనికి శాపం కూడా. సాఫ్ట్‌వేర్ కంపెనీ అప్‌డేట్ ఇచ్చిన ప్రతిసారీ పాత హ్యాష్ పనికిరాదు. నెలకు రెండుసార్లు అప్‌డేట్ అయ్యే బ్రౌజర్‌ను హ్యాష్‌తో అనుమతిస్తే నెలకు రెండుసార్లు ఆఫీసంతా ఆగిపోతుంది.

మూడోది తయారీదారు డిజిటల్ సంతకం, అంటే ఈ ప్రోగ్రామ్ తనదేనని కంపెనీ వేసే ముద్ర. "ఫలానా కంపెనీ సంతకం ఉన్న ఫలానా ప్రోగ్రామ్, ఈ వెర్షన్ నుంచి పైవన్నీ నడవొచ్చు" అని రాయొచ్చు. అప్‌డేట్లు వచ్చినా సంతకం అదే కాబట్టి నియమం నిలుస్తుంది. అందుకే ఎక్కువ సంస్థలు దీని వైపే మొగ్గుతున్నాయి. అయితే ఇందులో మన నమ్మకం మొత్తం ఆ కంపెనీ తన సంతకాన్ని ఎంత భద్రంగా చూసుకుంటుందన్న దాని మీదికి వెళ్తుంది. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే హానికర ప్రోగ్రామ్ రియల్‌టెక్, జేమైక్రాన్ అనే రెండు కంపెనీల సంతకాలతోనే తిరిగింది. 2020 డిసెంబరులో వెలుగు చూసిన సోలార్‌విండ్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉదంతంలో హానికర కోడ్ ఉన్న అప్‌డేట్‌కు ఆ కంపెనీ అసలు సంతకమే ఉంది. సుమారు 18 వేల మంది ఖాతాదారులకు అది చేరింది.

అడ్మిన్ రైట్స్ తీసేస్తే చాలదా?

చాలామంది అనుకునేది ఇదే. ఇన్‌స్టాల్ చేసే హక్కు లేకపోతే కొత్త సాఫ్ట్‌వేర్ ఎలా వస్తుందని. జూమ్, స్లాక్, వీఎస్ కోడ్ లాంటివి అడ్మిన్ పాస్‌వర్డ్ అడగకుండానే ఉద్యోగి సొంత యాప్‌డేటా ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ కాగలవు. వాటికి వీలైన దారే ట్రోజన్‌కూ వీలవుతుంది. ఫైళ్లన్నింటినీ తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్‌కు కూడా అడ్మిన్ హక్కు అక్కర్లేదు. ఉద్యోగి తెరవగలిగిన ఫైళ్లను అది పాడు చేస్తే చాలు. అలాగని అడ్మిన్ రైట్స్ ఉంచేసి వైట్‌లిస్టింగ్ ఒక్కటే పెడితే, అడ్మిన్ తన జాబితాను తానే మార్చుకోగలడు. ఈ రెండూ జంటగా ఉంటేనే పనిచేస్తాయి.

2017 మే నెలలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని కుదిపినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు, తిరుమల తిరుపతి దేవస్థానంలోని కొన్ని పాత కంప్యూటర్లు కూడా దానికి చిక్కాయి. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చి 14నే ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది. పాత విండోస్ వెర్షన్ అయిన ఎక్స్‌పీకి మాత్రం దాడి మొదలయ్యాకే, అత్యవసరంగా ఇచ్చింది. నెట్‌వర్క్ ద్వారా నేరుగా మెమరీలోకి చొరబడే తొలి దశను వైట్‌లిస్ట్ ఆపలేదు, ఎందుకంటే అక్కడ కొత్త ఫైలు ఏదీ తెరుచుకోదు. ఆ తర్వాత తాళాలు వేసే ప్రోగ్రామ్‌ను వానాక్రై డిస్క్ మీదికి దించి నడిపేది. జాబితా కట్టుదిట్టంగా ఉన్న యంత్రంలో దానికి ఆ రెండో అడుగు దగ్గర అడ్డు తగిలేది. ప్యాచ్ తలుపును మూస్తుంది, వైట్‌లిస్ట్ లోపలికి వచ్చినవాడి చేతులు కట్టేస్తుంది. ఒకటి ఉందని రెండోదాన్ని వదిలేయడానికి వీల్లేదు.

ఏటీఎంలు నేర్పిన పాఠం

మన దేశంలో ఈ పద్ధతి తప్పనిసరిగా అమలైన పెద్ద రంగం ఏటీఎంలదే. డబ్బు పెట్టెకు ముందు ఉండేది మామూలు పీసీయే, దాని మీద నడిచేది చాలాచోట్ల విండోసే. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసినా, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎన్నో ఏటీఎంలు దాని మీదే నడిచాయి. ఈలోగా మెక్సికోలో 2013లో ప్లౌటస్, ఆ మరుసటి ఏడాది తూర్పు ఐరోపాలో టిప్‌కిన్ అనే మాల్‌వేర్‌లు (హానికర ప్రోగ్రామ్‌లు) ఏటీఎంల చేత నోట్లు కక్కించాయి.

2016 జూన్ 2న బ్యాంకులకు ఇచ్చిన సైబర్ భద్రత చట్రంలో రిజర్వు బ్యాంకు అనుమతి లేని సాఫ్ట్‌వేర్ నడవకుండా చూడాలని చెప్పింది, వైట్‌లిస్టింగ్‌ను పరిశీలించమంది. రెండేళ్లకు, 2018 జూన్ 21న, పరిశీలించమనడం పోయి గడువులు వచ్చాయి. బయోస్ (విండోస్ కంటే ముందే నడిచి యంత్రాన్ని లేపే ప్రోగ్రామ్) పాస్‌వర్డ్, యూఎస్‌బీ పోర్టుల మూసివేత, ఆటోరన్ (పెట్టగానే దానంతటదే నడవడం) నిలిపివేత లాంటివి ఆగస్టు కల్లా పూర్తి కావాలి. వైట్‌లిస్టింగ్, కార్డు స్కిమ్మింగ్ (కార్డు వివరాలను దొంగచాటుగా కాపీ చేయడం) నిరోధం 2019 మార్చి కల్లా ఉండాలి. పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లను దశలవారీగా మార్చి 2019 జూన్ నాటికి మొత్తం ముగించాలి.

ఈ వరుసకు ఒక కారణం కనిపిస్తుంది. టిప్‌కిన్ ముఠాలు ఏటీఎం పైపెట్టె తెరిచి, బూట్ అయ్యే సీడీ పెట్టి యంత్రాన్ని తిరిగి ఆన్ చేసేవి. అప్పుడు విండోస్ లేవనే లేవదు, అందులో ఉన్న వైట్‌లిస్ట్ కూడా లేవదు. బయోస్‌కు తాళం పడ్డాకే లోపలి జాబితాకు విలువ వస్తుంది.

ఏటీఎంలో వైట్‌లిస్టింగ్ కుదరడానికి కారణం ఆ యంత్రం స్వభావమే. అది ఏళ్ల తరబడి అవే కొద్ది ప్రోగ్రామ్‌లను నడుపుతుంది. మెయిల్ చూడదు, అటాచ్‌మెంట్ తెరవదు, "ఈ టూల్ అర్జెంటుగా కావాలి" అని ఫోన్ చేయదు. అయితే రక్షణ ఆ యంత్రం వరకే. 2018 ఆగస్టులో పుణెలోని కాస్మోస్ బ్యాంకు నుంచి 94 కోట్ల రూపాయలు పోయినప్పుడు దాడి జరిగింది ఏటీఎంల మీద కాదు, లావాదేవీలకు అనుమతి ఇచ్చే స్విచ్ వ్యవస్థ మీద. పలు దేశాల్లో ఏటీఎంలు తమకు అందిన "సరే" అన్న సమాధానాన్ని నమ్మి డబ్బు ఇచ్చాయి. చివరన ఉన్న యంత్రానికి ఎంత గట్టి జాబితా ఉన్నా, వెనక ఉన్న సర్వర్‌కు లేకపోతే ప్రయోజనం ఉండదు.

అనుమతి ఉన్నవాటితోనే దాడి

జాబితా గట్టిపడేకొద్దీ దాడి చేసేవాళ్లు కొత్త ప్రోగ్రామ్ తేవడం మానేసి, అక్కడ ఉన్నవాటినే వాడుకోవడం మొదలుపెట్టారు. విండోస్‌తో పాటే వచ్చే పవర్‌షెల్, రెగ్‌సర్వర్32, రన్‌డీఎల్ఎల్32, ఎంఎస్‌హెచ్‌టీఏ లాంటివి అన్నీ మైక్రోసాఫ్ట్ సంతకంతో ఉంటాయి. ఇవి బయటి నుంచి స్క్రిప్ట్ (ఆదేశాల వరుస రాసిన ఫైలు) తెచ్చుకుని నడపగలవు. జాబితా దృష్టిలో నడుస్తున్నది మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామే, అది మోస్తున్న సరుకు మాత్రం వేరేవాడిది. ఇలాంటివాటిలో మామూలు ఉద్యోగికి అక్కర్లేనివాటిని విడిగా ఆపమని మైక్రోసాఫ్టే ఒక జాబితా ఇస్తోంది. పవర్‌షెల్‌ను పూర్తిగా ఆపకుండా, ప్రమాదకరమైన సౌకర్యాలు తీసేసిన పరిమిత రీతిలో నడపొచ్చు.

పైథాన్, జావా లాంటి ప్రోగ్రామింగ్ భాషలతోనూ ఇదే చిక్కు. పైథాన్‌కు అనుమతి ఇచ్చామంటే అది చదివే ప్రతి స్క్రిప్టుకూ ఇచ్చినట్టే. ఇక హైటెక్ సిటీలో కోడ్ రాసే డెవలపర్ గంటకు పదిసార్లు కొత్త ఈఎక్స్‌ఈ ఫైలు (విండోస్‌లో నేరుగా నడిచే ప్రోగ్రామ్) తయారుచేస్తాడు. దేనికీ సంతకం ఉండదు, ప్రతిదాని హ్యాష్ కొత్తదే. అలాంటివాళ్లకు మెయిల్ చూసే కంప్యూటర్‌ను కట్టుదిట్టం చేసి, కోడ్ నడపడానికి విడిగా వర్చువల్ మెషీన్ (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన వేరే కంప్యూటర్) ఇవ్వడం మేలైన దారి.

బ్రౌజర్‌లో తెరుచుకునే సేవలు ఈ జాబితా పరిధిలోకే రావు. ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ వాడొద్దని కేంద్ర ఆర్థిక శాఖ 2025 జనవరి చివర్లో తన సిబ్బందికి సూచించింది. దాన్ని సాంకేతికంగా అమలు చేయాలంటే వెబ్‌సైట్ల వడపోత కావాలి. ఒక్క బ్రౌజర్‌కు అనుమతి ఉంటే చాలు, అవి తెరుచుకుంటాయి.

పేర్ల గందరగోళం

విండోస్‌లో ఈ సౌకర్యం పేరు పలుసార్లు మారింది. ఎక్స్‌పీతో సాఫ్ట్‌వేర్ రిస్ట్రిక్షన్ పాలసీలు వచ్చాయి, ఇప్పుడు వాటిని పక్కన పెట్టేశారు. 2009లో విండోస్ 7తో యాప్‌లాకర్ వచ్చింది. 2015లో విండోస్ 10తో వచ్చిన డివైస్ గార్డ్ తర్వాత డిఫెండర్ అప్లికేషన్ కంట్రోల్ అయింది, ఇప్పుడు యాప్ కంట్రోల్ ఫర్ బిజినెస్. యాప్‌లాకర్‌లో అకౌంట్స్ వాళ్లకు ఒక జాబితా, హెచ్‌ఆర్ వాళ్లకు మరొకటి పెట్టొచ్చు, కానీ అడ్మిన్ హక్కు సంపాదించినవాడు దాన్ని దాటగలడు. యాప్ కంట్రోల్ యంత్రం మొత్తానికీ ఒకేలా వర్తిస్తుంది, సంతకం చేసిన పాలసీని అడ్మిన్ కూడా అంత తేలిగ్గా మార్చలేడు. లైనక్స్‌లో రెడ్ హ్యాట్ వాడేవాళ్లకు ఎఫ్ఏపాలసీడీ ఉంది. మ్యాక్‌ల కోసం గూగుల్ తయారుచేసిన శాంటా చాలా కంపెనీల్లో చేరింది.

జాబితా ఎందుకు పాడవుతుంది?

ఆస్ట్రేలియా ఈ విషయంలో ముందు నడిచిన దేశం. తాము ఎదుర్కొన్న చొరబాట్లలో కనీసం 85 శాతాన్ని నాలుగు చర్యలతో అడ్డుకోవచ్చని ఆ దేశ సైబర్ భద్రతా సంస్థ చెప్పింది. వైట్‌లిస్టింగ్, యాప్‌లకు ప్యాచ్‌లు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు ప్యాచ్‌లు, అడ్మిన్ హక్కుల కుదింపు ఆ నాలుగు. 2013లో ఆ దేశ కేంద్ర ప్రభుత్వ సంస్థలకు వీటిని తప్పనిసరి చేశారు. మరుసటి ఏడాది ఆ దేశ ఆడిట్ కార్యాలయం ఏడు సంస్థలను పరిశీలిస్తే ఒక్కటి కూడా పూర్తిగా పాటించలేదని తేలింది. ఆదేశం ఉంది, టూల్ ఉంది, అయినా కుదరలేదు.

ఇంతకన్నా గట్టి ఉదాహరణ బిట్9. వైట్‌లిస్టింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మడమే ఆ అమెరికన్ కంపెనీ పని. 2013 ఫిబ్రవరిలో దాని నెట్‌వర్క్‌లోకే దొంగలు పడి, దాని సంతకంతోనే మాల్‌వేర్‌ను ముగ్గురు ఖాతాదారుల మీదికి వదిలారు. సొంత నెట్‌వర్క్‌లోని కొన్ని కంప్యూటర్లలో తమ సాఫ్ట్‌వేర్‌ను తామే పెట్టుకోలేదని కంపెనీ చెప్పింది.

మన ఆఫీసుల్లో ఇది ఎలా చెడుతుందో ఊహించడం కష్టం కాదు. జీఎస్టీఆర్-3బీ అనే జీఎస్టీ రిటర్నుకు నెలవారీ గడువు 20వ తేదీ. డిజిటల్ సంతకంతో ఫైల్ చేసేవాళ్లకు ఎమ్‌సైనర్ అనే సంతకం పెట్టే టూల్ కావాలి, సంతకం దాచిన యూఎస్‌బీ టోకెన్‌కు డ్రైవర్ కావాలి. వాటికి కొత్త వెర్షన్ వచ్చి, జాబితాలో పాతదే ఉంటే ఆ రోజు అకౌంట్స్ విభాగంలో టెన్షన్ అంతా ఇంతా కాదు. టికెట్ రైజ్ చేస్తే రెండు రోజులు పడుతుందంటారు. గడువు ఆగదు కాబట్టి ఎవరో ఒకరు ఆ కంప్యూటర్‌ను నియంత్రణ నుంచి పూర్తిగా తప్పిస్తారు. గడువు దాటాక దాన్ని తిరిగి లోపలికి తేవడం ఎవరికీ గుర్తుండదు. ఏళ్ల నాటి తెలుగు టైపింగ్ టూల్స్, ఫాంట్ కన్వర్టర్లతో ఇంకో చిక్కు. పెన్‌డ్రైవ్‌ల మీద చేతులు మారుతూ వచ్చినవాటికి సంతకం లేకపోతే హ్యాష్ ఒక్కటే దిక్కు. ఆ కాపీ అసలుదేనా అని చెప్పగలిగినవాళ్లు కూడా ఆఫీసులో ఉండకపోవచ్చు.

ఓటర్ల జాబితాకు ఉన్న జబ్బే దీనికీ ఉంది. చేర్పులు ఆలస్యమైతే పేరు గల్లంతైన సంగతి పోలింగ్ రోజునే తెలుస్తుంది, తొలగింపులు జరగకపోతే లేనివాళ్ల పేర్లు పేరుకుపోతాయి. మొదటి రకం లోపానికి ఉద్యోగులు గొడవ చేస్తారు కాబట్టి ఎలాగోలా సర్దుబాటవుతుంది. రెండో రకం గురించి అడిగేవాళ్లు ఎవరూ ఉండరు. మూడేళ్ల కిందట ఒక ప్రాజెక్టు కోసం అనుమతించిన రిమోట్ కంట్రోల్ యాప్ ఇంకా జాబితాలోనే ఉంటే, దాడి చేసేవాడికి అంతకన్నా ఏం కావాలి?

అమలు ఎలా మొదలవుతుంది?

దాదాపు అన్ని టూల్స్‌లోనూ ఆడిట్ రీతి ఉంటుంది. అందులో ఏదీ ఆగదు. నియమం అమల్లో ఉంటే ఏవి ఆగేవో మాత్రం నమోదవుతుంది. యాప్‌లాకర్‌లో 8003, యాప్ కంట్రోల్‌లో 3076 సంఖ్యతో ఆ నమోదులు కనిపిస్తాయి. జాబితా తయారీకి ఇవే ముడిసరుకు. రెండు వారాలు చూసి ఆపేస్తే మాత్రం మోసపోతారు. టీడీఎస్ రిటర్నుల యుటిలిటీ మూడు నెలలకోసారి గానీ బయటికి రాదు, కొన్ని టూల్స్ మార్చి 31 దగ్గర పడ్డాకే తెరుస్తారు. కనీసం ఒక త్రైమాసికం ముగింపు ఆ పరిశీలనలో ఉండాలి.

తర్వాత వచ్చేది వరుస. ఏటీఎంలు, కౌంటర్లు, కియోస్క్‌లు, ఆ తర్వాత ఒకే పనికి కేటాయించిన సర్వర్లు ముందు. క్లర్కులు, అకౌంట్స్ విభాగం తర్వాత. డెవలపర్లు చివర. ప్రతి దశలోనూ ముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది. సాయంత్రం ఆరు గంటలకు ఒక అత్యవసర ప్రోగ్రామ్ ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలి, ఆ వ్యక్తి గంటలోగా జవాబు ఇవ్వగలరా? ఇచ్చిన ప్రతి మినహాయింపు పక్కన అడిగినవారి పేరు, ఆమోదించినవారి పేరు, అది ముగిసే తేదీ రాయాలి. ఆ తేదీ వచ్చినప్పుడు మళ్లీ ఎవరూ అడగకపోతే అనుమతి దానంతటదే రద్దయ్యేలా పెట్టుకోవాలి.